అస్సాం డేరాలు

లచ్చమ్మ చేతిని మైనం గంగాళంలో ముంచినప్పుడు నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో రంగు కుంచె ఉంది. అది కింద పడనైనా పడలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. లేకపోతే తర్వాతి సంగతులు విని, ఈవిడ మొదటినుంచీ ధైర్యవంతురాలేనని మీరు అనుకుంటారు.

అది 1950 సెప్టెంబరు. సికింద్రాబాదు కంటోన్మెంటులో, బోయిన్‌పల్లి మిలిటరీ బారకాసుల వెనక, సదాశివరావు డేరాల కార్ఖానాలో ఎనభై మందిమి పనిచేసేవాళ్లం. రేకుల షెడ్డు కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని దబ్బనాలతో కాన్వాసు కుట్టేవారు. మగవాళ్లు బట్ట కోసేవారు, తాళ్లు పేనేవారు, గంగాళంలో మైనమూ నూనే కాచి వాన దిగకుండా బట్టకు పట్టించేవారు.

ఆ రోజు లచ్చమ్మ తను కుడుతున్న బట్టను ఎత్తి పట్టుకుంది. భువనగిరి వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై ఏళ్లుంటాయి. రెండు వేళ్లతో బట్టను గిల్లింది. గిల్లినంత మేరా ఊడి చేతికి వచ్చింది.

"గిది బట్ట గాదు మేస్త్రీ, బూడిద," అంది. "దీనికి కుట్టు నిలుస్తదా? నేను కుట్ట."

మేస్త్రీ జీవరాజు దగ్గరికి వచ్చాడు. "కుట్టమన్నది కుట్టు. బట్ట సంగతి నీకెందుకు?"

"దీని కింద మనుషులు పంటరు గద. పోరగాండ్లు పంటరు. నేను కుట్ట."

సదాశివరావు అప్పుడే కారు దిగి లోపలికి వస్తున్నాడు. యజమాని చూస్తున్నాడని జీవరాజుకు తెలుసు. లచ్చమ్మ జబ్బ పట్టి లేపాడు. గంగాళం దగ్గరికి ఈడ్చుకుపోయి కుడిచేతిని మణికట్టు దాకా ముంచాడు.

ఆమె అరిచిన అరుపుకు బారకాసుల్లోని గుర్రాలు బెదిరాయి. చెయ్యి బయటికి వచ్చేసరికి మైనం దాని మీద తెల్లగా గడ్డకట్టింది. ఆమె పెరికేయబోతే దానితో పాటు చర్మం కూడా ఊడి వచ్చింది. షెడ్డంతా కాలిన మాంసం వాసన.

సదాశివరావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఎల్లుండి సహాయ కమిటీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. పని ఆగకూడదు," అని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు. దబ్బనాలు ఒక్క నిమిషం ఆగాయి. తర్వాత మళ్లీ కదిలాయి.

మీలో చాలామందికి అప్పటి సంగతులు తెలియవు. ఆ ఏడు ఆగస్టు పదిహేనున అస్సాంలో భూమి కంపించింది. కొండలు విరిగి నదులకు అడ్డం పడ్డాయి. కొన్నాళ్లకు ఆ అడ్డుకట్టలు తెగి నీళ్లు ఊళ్ల మీద పడ్డాయి. భూకంపం వదిలేసినవాళ్లను వరద తీసుకుపోయింది. మా నాన్న ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ బడిపంతులుగా స్థిరపడినవాడు. పత్రిక చదివి, అన్నం ముందు చేసే ప్రార్థనలో ఆ నదుల పేర్లు కూడా చేర్చాడు.

సికింద్రాబాదు ఊరికే కూర్చోలేదు. మోండా మార్కెట్టులో కూరలమ్మే ఆడవాళ్లు పెట్టెలో దాచుకున్న ఒక్క మంచి చీరా తెచ్చి ఇచ్చారు. గుర్రబ్బండ్లవాళ్లు బియ్యం మూటలు ఊరికే మోశారు. కాలేజీ విద్యార్థులు దుప్పట్ల కోసం ఇల్లిల్లూ తిరిగారు. గుళ్లో, మసీదులో, మా చర్చిలో, అంతటా ఒకటే మాట. రెండేళ్ల కింద, పోలీసు చర్య రోజుల్లో, పక్కింటివాణ్ని చూసి తలుపు గడియ పెట్టుకున్న జనం వీళ్లే. అదే జనం ఇప్పుడు ఎన్నడూ చూడని ఊళ్ల కోసం ఒక్కటయ్యారు.

ఆ జాలి మీద సదాశివరావు చెయ్యి వేశాడు. యుద్ధంలో తెల్లసిపాయిలకు డేరాలు కుట్టించినవాడు. తర్వాత నిజాం ఫౌజుకు కుట్టించాడు. యూనియన్ సైన్యం రాగానే ఖద్దరు తొడిగి వాళ్లకూ కుట్టించాడు. సహాయ కమిటీలో ముందు కుర్చీ ఆయనదే. ఐదువందల డేరాలు తన వంతు అన్నాడు. మాకు వచ్చిన బట్ట మాత్రం యుద్ధం నాటిది. పనికిరావని మిలిటరీవాళ్లు ఎర్ర రంగుతో అడ్డగీత కొట్టి పారేసిన డేరాలు. వాటిని విప్పి, మైనం పూసి, మళ్లీ కుట్టడమే పని. ఆ ఎర్ర గీత మీద నల్లరంగు పూసి, దానిపైన రేకు అచ్చు పెట్టి సదాశివరావు పేరు దించడం నా పని. చదువుకున్నదాన్నని నాకు ఇచ్చిన పని అది.

మర్నాడు మధ్యాహ్నం రొట్టెల వేళ లచ్చమ్మ చుట్టూ పదిమంది చేరారు. చేతికి అరిటాకు చుట్టుకుని వచ్చింది. రాకపోతే ఆ చోట్లో ఇంకొకర్ని కూర్చోబెడతారు.

"అస్సాం ఏడుందో మనకు తెల్వదు," అంది ఎల్లమ్మ. నా పక్క వరసలో కుట్టే మనిషి. "గాళ్ల కోసమని చెయ్యి కాలవెట్టుకుంటివి. రేపు నీ పొయ్యి ఎట్ల మండుతది? నోరు మూసుకొని కుడితే అయిపోవు."

బట్ట కోసే వీరయ్య తింటున్న రొట్టె పక్కన పెట్టాడు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి.

"మా ఊర్ల మిలిట్రీ క్యాంపు వెట్టిన్రు," అన్నాడు. "సంఘపోళ్లకు, కమ్యూనిస్టులకు అన్నం వెట్టినమని ముప్పై గుడిసెలు కాలవెట్టిన్రు. శ్రావణమాసం. అయిదుగురం ఒక్క గోనెపట్ట కింద పన్నం. చిన్నబిడ్డకు సలిజరం వచ్చింది. పట్ట నాలుగు దిక్కుల పట్టుకొని నేను, నా పెండ్లాం నిలవడ్డం. అది మా చేతులల్లనే చినిగింది. మూడో నాటికి బిడ్డ లేదు." ఎల్లమ్మ వైపు చూశాడు. "అస్సాం ఏడుందో నాకు ఎర్కనే ఎల్లమ్మా."

అప్పుడు నేను నోరు విప్పాను.

"బట్ట మీద ఎర్ర గీతలు చూశారు కదా. అవి మిలిటరీవాళ్లు పెట్టిన గుర్తులు. పనికిరాదని అర్థం. వాటి మీద నల్లరంగు పూసింది నేనే."

"నీకు ముందుగాల్నే తెల్సా బిడ్డా?" లచ్చమ్మ అడిగింది.

"తెలుసు పెద్దమ్మా. మొదటి రోజే తెలుసు."

ఆమె ఎడమచేత్తో నా చెంప మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. "మరి గీకు," అంది. "గీకి అందరికి సూపెట్టు."

చెప్పిన రోజుకే కమిటీవాళ్లు మూడు కార్లలో వచ్చారు. ఒక వకీలు, పట్టుచీర కట్టిన ఒక పెద్దింటావిడ, మరో నలుగురు. బందోబస్తుకని ఇన్‌స్పెక్టరు, పోలీసులు. సదాశివరావు దండలు వేయించాడు. మేం నల్లరంగు గీకిన డేరాను షెడ్డు ముందు పరిచి దాని పక్కన నిలబడ్డాం.

"దొరలూ, జెర గీ బట్ట ముట్టి సూడున్రి," అన్నాడు వీరయ్య.

పెద్దింటావిడ వంగి ముట్టుకుంది. ఆమె గోరు లోపలికి దిగిపోయింది. నేను ఎర్ర గీత చూపించి దాని అర్థం ఇంగ్లీషులో చెప్పాను. వకీలు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇది కమ్యూనిస్టుల పని," అన్నాడు సదాశివరావు నెమ్మదిగా. "వీడు భువనగిరి అడవుల్లోంచి పారిపోయి వచ్చినవాడు. దేశం కష్టంలో ఉంటే చెడగొట్టాలని చూస్తున్నారు."

"నేను అడవిలకెల్లి రాలే. కాలిన ఇంట్లకెల్లి వచ్చిన," అన్నాడు వీరయ్య.

ఇన్‌స్పెక్టరు సైగ చేశాడు. తుపాకి మడమ వీరయ్య నోటి మీద పడింది. పళ్లు రాలి ఆ డేరా మీదే పడ్డాయి. మేం ముందుకు ఉరికితే లాఠీలు లేచాయి. ఎల్లమ్మ భుజం వాచింది. వీరయ్యను కాళ్లు పట్టి వ్యానులోకి ఈడ్చారు. వకీలు నా వైపు తిరిగి, "ఇలాంటివి అర్జీ రాసి ఇవ్వాలమ్మా," అన్నాడు. పెద్దింటావిడ వేళ్లు తుడుచుకుంది. కార్లు వెళ్లిపోయాయి.

మూడో రోజు ఠాణా నుంచి కబురు వచ్చింది. వీరయ్య పారిపోతూ బావిలో దూకాడట. వచ్చి తీసుకుపొమ్మన్నారు.

శవం మీద గుడ్డలు పొడిగా ఉన్నాయి. పది వేళ్లూ కణుపుల దగ్గర విరిచేశారు. అరికాళ్లు చీలి ఉన్నాయి. అతని భార్య ఆ వేళ్లను ఒక్కొక్కటే సరిచేయాలని చూసింది. అవి నిలవలేదు. లచ్చమ్మ ఏడవలేదు. కట్టుకట్టిన చేత్తోనే పాడె కొమ్ము పట్టింది.

మట్టి చేసి అందరం తిన్నగా కార్ఖానాకు నడిచాం. ఎవరూ పిలుపు ఇవ్వలేదు. ఇంటికి వెళ్లేవాళ్లు ఎవరూ కనిపించలేదు, అంతే. గేటు దగ్గర జీవరాజు అడ్డం నిలబడ్డాడు.

"పనిలోకి వచ్చేవాళ్లు రండి. లేనివాళ్లు ఇళ్లకు పొండి. వాడికి పట్టిన గతి చూశారు కదా," అన్నాడు.

తాళ్లు పేనే మనిషి ఒకడు డేరా గుంజ తీసి అతని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పడ్డాక ఆడవాళ్లం వంగాం. చెప్పులతో, పిడికిళ్లతో, దబ్బనాలతో. ఆ దెబ్బల్లో నావీ ఉన్నాయి. ప్రతి ఆదివారం చర్చిలో మా ముందు బల్ల మీద కూర్చునే మనిషి అతను. అతని నెత్తురు నా చీర మీద పడింది. దానికి నేను సిగ్గుపడటం లేదు, గొప్పగా చెప్పుకోవడమూ లేదు. జరిగింది చెబుతున్నాను.

చంపేసేవాళ్లమే. లచ్చమ్మ మధ్యలోకి దూరి అడ్డుపడింది.

"ఆగున్రి. వీడు సస్తే ఎనక గోదాము తాళం ఎవడు తీస్తడు?"

కార్ఖానా వెనక ఒక గోదాముకు రెండు తాళాలుండేవి. దాని ఛాయలకు మమ్మల్ని రానిచ్చేవారు కాదు. జీవరాజు నెత్తురు ఉమ్మి, నడుముకున్న తాళంచెవులు విసిరేశాడు. "కొత్త కాన్వాసు. అస్సాం కోసమని సర్కారు ఇచ్చింది," అన్నాడు. "యజమాని బొంబాయికి అమ్మేశాడు. వచ్చే వారం లారీలు వస్తాయి."

తలుపు తీశాం. నేలనుంచి కప్పుదాకా కొత్త బట్ట, మిల్లు వాసన ఇంకా పోలేదు. ఎల్లమ్మ ఒక తాను మీద ముఖం ఆనించి అలాగే ఉండిపోయింది.

"కాలవెడదాం," అన్నాడు గుంజ పట్టుకున్న మనిషి. "అంత కాలవెడదాం. వాని బతుకు బుగ్గి గావాలె. ఈరయ్య పానానికి అదే బదులు."

చాలామంది అవునన్నారు. కిరసనాయిలు డబ్బా కూడా వచ్చింది. లచ్చమ్మ దాన్ని కాలితో తన్నేసింది.

"కాలవెడితే వానికేం తక్లీఫ్? వానికి ఇంకో ఊర్ల ఇంకో గోదాము ఉంటది. ఆడ వానల పన్నోళ్లకు ఏముంటది? ఈరయ్య ఏమని సచ్చిండు? బట్ట మంచిగ లేదన్నడు. ఇగో, మంచి బట్ట. గేటు మూయున్రి. పని షురూ చేయున్రి."

జీవరాజును బయట పడుకోబెట్టి గేటు మూశాం. నాలుగు రోజులు తెరవలేదు.

మొదటి సాయంత్రమే పోలీసులు చుట్టుముట్టారు. నీళ్ల కుళాయి కట్టేశారు. రెండో రోజు పొద్దున్నే ఇద్దరు గోడ ఎక్కారు. మగవాళ్లు చేదలతో కాగుతున్న మైనం ఎత్తి వాళ్ల మీద పోశారు. వాళ్లు అవతలికి పడి అరుస్తుంటే లోపల ఎవరూ పని ఆపలేదు. దానికి జవాబుగా గోడ మీదుగా కాల్చారు. షెడ్డు రేకులకు చిల్లులు పడ్డాయి. తాళ్లు పేనే మనిషి తొడలో గుండు దిగింది. కాన్వాసు పీలికతో కట్టు కట్టి అతన్ని కూర్చోబెడితే, కూర్చునే తాళ్లు పేనాడు.

బస్తీవాళ్లు వెనక గోడ మీదుగా జొన్నరొట్టెలు విసిరేవారు. కుండలతో నీళ్లు దించేవారు. బారకాసుల్లో వంటచేసే ఒకాయన, ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు, రెండు బకెట్ల పప్పు పంపాడు.

కుడిచెయ్యి పనిచేయక లచ్చమ్మ దారాలకు మైనం పట్టించేది. పళ్ల మధ్య దారం బిగించి ఎడమచేత్తో లాగేది. పెదవులు కోసుకుపోయి దారాలు ఎర్రబడ్డాయి. "కుట్టు దగ్గర దగ్గర వెయ్యున్రి," అని అరిచేది. "గాలి ఊపినా ఊడొద్దు." నాలుగో రోజుకు అరవై నాలుగు డేరాలయ్యాయి.

వాటి మీద ఏం రాయాలని నేను అడిగాను. వీరయ్య పేరు రాయమన్నారు కొందరు. లచ్చమ్మ ఒప్పుకోలేదు. "ఆయనెవరో గాళ్లకు ఎట్ల తెలుస్తది? ఎవరు పంపిన్రో తెల్వాలె." కొత్త రేకు కోసి, 'సికింద్రాబాదు పనివాళ్లు పంపినవి' అని దించాను. ఈసారి రంగు కింద దాచాల్సింది ఏమీ లేదు.

అయిదో రోజు స్టేషన్‌లో సహాయ రైలును సాగనంపే సభ. గూడ్స్ షెడ్డు హమాలీల పెద్ద జకర్యా గోడవతల నిలబడి కబురు చెప్పాడు. "సదాశివరావు డేరాల బేళ్లు మేం ముట్టం లచ్చమ్మక్కా. మీ డేరాలు తెండ్రి. వ్యాగన్‌లకు ఎక్కించే జిమ్మేదారి మాది."

పెద్ద అధికారి సభకు వస్తున్నాడని పోలీసులు చాలామంది స్టేషన్‌కు వెళ్లారు. గేటు బయట ఆరుగురే మిగిలారు. బస్తీ జనం వాళ్ల వెనక వందల్లో నిలబడ్డారు. మేం డేరాలు నెత్తిన పెట్టుకుని గేటు తెరిచాం. ఆరుగురూ ముందు మమ్మల్ని, తర్వాత వెనక జనాన్ని చూసి పక్కకు తప్పుకున్నారు.

తాడ్‌బండ్ దాటేసరికి జనం రెట్టింపయింది. సిగరెట్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు మధ్యాహ్నం షిఫ్టు వదిలేసి కలిశారు. దుప్పట్లు పోగుచేసిన విద్యార్థులు వచ్చి మా బరువులు అందుకున్నారు. స్టేషన్ ఆవరణలో వేదిక, బ్యాండు, దండలు. ఒక పక్క సదాశివరావు ముందే మూటలు కట్టించి పంపిన బేళ్లు గుట్టగా ఉన్నాయి. వాటి పక్కన అరవై మంది హమాలీలు చేతులు కట్టుకుని నేల మీద కూర్చున్నారు. మైకు దగ్గర సదాశివరావు మాట్లాడుతున్నాడు.

లచ్చమ్మ ఒక బేలు విప్పించింది. "నిలవెట్టున్రి," అంది. సదాశివరావు డేరాను వేదిక ఎదురుగా నిలబెట్టాం. నాలుగు దిక్కులా తాళ్లు బిగించాం. బిగించిన బిగింపుకే అది నడినెత్తి నుంచి అంచుదాకా చీలింది. నేను నల్లరంగు గీకేశాను. ఎర్ర గీత బయటపడింది. దాని అర్థం గొంతెత్తి చెప్పాను. పూసింది ఎవరో కూడా చెప్పాను.

మోండా మార్కెట్టు నుంచి వచ్చిన ఒక ముసలావిడ ముందుకు వచ్చింది. "నా బిడ్డ పెండ్లిచీర ఇచ్చిన్రా నేను," అంది వేదిక వైపు చూస్తూ. "అది సుత అమ్ముకున్నవా?"

ఆ మాటతో జనం వేదిక మీదికి పోటెత్తారు. బల్లలు విరిగాయి. సదాశివరావు పోలీసుల మధ్య దూరాడు. లాఠీలు దిగాయి. దండలు పట్టుకొచ్చిన బడిపంతుళ్లూ, చందాలిచ్చిన గుమాస్తాలూ, ఎవరినీ వదల్లేదు. విద్యార్థులు పట్టాల మీది కంకర ఎత్తారు. ఇన్‌స్పెక్టరు తల పగిలింది. అప్పుడు కాల్పులు మొదలయ్యాయి.

నేను ఒక బేలు వెనక పడి ఉన్నాను. నా పక్కన సిగరెట్ ఫ్యాక్టరీ పిల్ల ఒకతె, పద్దెనిమిదేళ్లుండవు, గొంతు పట్టుకుని కూర్చుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. ఆమె పేరు అడిగాను. చెప్పలేకపోయింది.

వ్యాగన్ దగ్గర జకర్యా నిలబడి ఉన్నాడు. "చేతులు ఆపకుండ్రి," అంటున్నాడు. డేరాలు నేలను తాకకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి, తలల మీదుగా పోతున్నాయి. అతను అందుకుని లోపలికి విసురుతున్నాడు. గుండు ఛాతీలో తగిలి తలుపుకు ఒరిగాడు. ఇంకో హమాలీ అతన్ని మెల్లగా కింద పడుకోబెట్టి ఆ చోట్లో నిలబడ్డాడు. అరవై నాలుగూ ఎక్కాయి. తలుపు మూసి గొళ్లెం వేశారు.

ఇంజన్ డ్రైవరు ఎవరి జెండా కోసమూ చూడలేదు. కూత వేసి బండి కదిలించాడు. అధికారి కత్తిరించాల్సిన పట్టు రిబ్బను పట్టాలకు అడ్డంగా ఇంకా కట్టే ఉంది. బండి దాన్ని తెంచుకుని వెళ్లింది.

ముగ్గురు చనిపోయారు. జకర్యా, ఆ పిల్ల, ఒక కాలేజీ విద్యార్థి. ముప్పై ఇద్దరిని పట్టుకున్నారు. ఠాణాలో ఇన్‌స్పెక్టరు తలకు కట్టుతో లచ్చమ్మ ముందు కూర్చున్నాడు.

"నీకు ఇదంతా నేర్పింది ఎవరు?"

"పనే నేర్పింది," అంది లచ్చమ్మ.

ఆమె పుండు మీద బూటుతో తొక్కాడు. ఆమె స్పృహ తప్పింది. నీళ్లు చల్లి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. తర్వాత ఎల్లమ్మను అడిగాడు, నన్ను అడిగాడు. నా రెండు పక్కటెముకలు అక్కడ విరిగాయి.

మర్నాడు పొద్దున జైలుకు తీసుకుపోవడానికి మాలో ఇరవై మందిని లారీ ఎక్కించారు. చిలకలగూడ మలుపు తిరగ్గానే లారీ ఆగింది. రోడ్డుకు అడ్డంగా, స్టేషన్ కాల్పుల కబురు విన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పనివాళ్లు నిలబడి ఉన్నారు. నూనె మరకల బట్టలు, చేతుల్లో సుత్తులు, ఇనుపకడ్డీలు. వర్క్‌షాపు సైరను ఆగకుండా మోగుతూనే ఉంది. వాళ్ల వెనక వీధులన్నీ మనుషులే. వేలల్లో ఉంటారు. ఒక్కరు కూడా నినాదం ఇవ్వడం లేదు.

"పక్కకు జరగండి. కాలుస్తాం," అని ముందు కూర్చున్న జమాదారు అరిచాడు.

ముందు వరసలోని ముసలి కమ్మరి ఒకాయన సుత్తి భుజం మీదికి మార్చుకున్నాడు. "ఎంతమందిని కాలుస్తవ్ బిడ్డా," అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అడుగు వెనక్కి వేయలేదు.

మాకు కాపలా ఉన్న పోలీసు తుపాకి ఎత్తాడు. దాన్ని ఎటు తిప్పాలో అతనికి తెలియలేదు. ముందు జనం, వెనక మేము. లచ్చమ్మ లేచి నిలబడింది. ఎడమచేత్తో లారీ వెనక పలక గొలుసు ఊడదీసింది. పలక దడాలున కిందికి వాలింది.

ముందు ఆమె దిగింది. తర్వాత ఎల్లమ్మ దిగింది. తర్వాత పక్కటెముకలు పట్టుకుని నేను దిగాను.